చూసినవాడివి కదా, ఇప్పుడు నువ్వే సాక్షివి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లెటూరు. విశాఖలో ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఐదు వారాల కిందట ఒక సాయంత్రం ల్యాబ్ అయిపోయాక, మా డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ స్కాలర్ ఒకాయన జూనియర్ అమ్మాయిని మెట్ల దగ్గర ఆపాడు. గోడకి చెయ్యి ఆన్చి దారి మూసేశాడు. ఆమె పక్కనుంచి వెళ్లబోతే మణికట్టు పట్టుకున్నాడు, తర్వాత నడుం మీద చెయ్యి వేశాడు. "వదలండన్నా" అని ఆమె రెండుసార్లు అంది. మేం నలుగురం పదడుగుల దూరంలో ఉన్నాం. ఒకడు వీడియో తీశాడు. మిగతా ముగ్గురం ఫోన్లు చూసుకుంటున్నట్టు నటించాం. ఆమె విడిపించుకుని వెళ్తూ నా వైపు చూసింది. ఆ అమ్మాయి ఏజెన్సీ నుంచి వచ్చిన గిరిజన విద్యార్థిని, ఈ ఊళ్లో ఆమెకి ఎవరూ లేరు. ఆ స్కాలరేమో మా సార్‌కి కుడిభుజం. ప్రాక్టికల్స్, వైవా అన్నీ ఆయన చేతుల మీదుగానే జరుగుతాయి. మావాళ్లు "వాళ్లిద్దరి మధ్య ఏదో ఉందిలే, మనకెందుకురా" అంటున్నారు. ఆ రాత్రి నేను ఆమెకి సారీ అని మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబివ్వలేదు. వీడియో హాస్టల్లో రెండు మూడు ఫోన్లకి వెళ్లింది. ఆ రోజు నేనేం చెయ్యాల్సింది? ఇప్పుడేమైనా చెయ్యగలనా? ఒక్కోసారి ఆయన్ని పట్టుకుని నాలుగు తన్నాలనిపిస్తోంది. మా నాన్న ఆటో నడుపుతారు. గొడవల్లో తలదూర్చకు అని చెప్పి మరీ పంపారు. ఆయనకి చెప్పాలా, వద్దా?
పేరు రాయొద్దు, విశాఖపట్నం

సమాధానం:

బాబూ,

నిన్నూ ఆ అమ్మాయినీ గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాకే నీ ఉత్తరం ఇక్కడ పెట్టాను. ముందు ఆ తన్నే సంగతి తేల్చేద్దాం. వద్దు. నువ్వు అతన్ని కొడితే తెల్లారేసరికి కథ మారిపోతుంది. మెట్ల దగ్గర ఏం జరిగిందన్నది పక్కకి పోయి, ఇద్దరు మగాళ్లు ఒక అమ్మాయి కోసం కొట్టుకున్నారన్నదే మిగులుతుంది. స్టేషన్‌లో కేసు నీ మీద, క్యాంటీన్‌లో మాటలు ఆమె మీద. ఆ మాటలు ఘాట్ రోడ్డెక్కి వాళ్ల ఊరు చేరాయంటే చదువు మాన్పించి తీసుకుపోతారు, ఏడాది తిరక్కుండా పెళ్లి చేసేస్తారు. అలా మధ్యలో ఆగిపోయిన చదువులు నాకు తెలుసు. తన్నులు తిన్నవాడు మాత్రం నింపాదిగా పీహెచ్‌డీ పూర్తి చేసుకుంటాడు.

ఇక ఆ సాయంత్రం సంగతి. కాళ్లు ఎందుకు కదల్లేదని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు. ఈ ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పని జరిగింది. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతిని ఆమె ఇంటి దగ్గరే పొడిచి చంపితే, 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికలో వచ్చింది. ఆ లెక్క బాగా పెంచి రాసిందని తర్వాత తేలింది. కానీ ఆ వార్త చదివి జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు మాత్రం పాఠ్యపుస్తకాలకెక్కాయి. 1968లో అచ్చయిన ఒక ప్రయోగంలో, వేరే గదిలో ఎవరికో మూర్ఛ వస్తున్నట్టు విద్యార్థులకి ఇంటర్‌కమ్‌లో వినిపించారు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది సాయానికి లేచారు. తనతో పాటు ఇంకో నలుగురు వింటున్నారని నమ్మినవాళ్లలో, ఆ మూర్ఛ ఆగేలోపు లేచింది 31 మందే. రెండు గుంపుల్లోనూ ఉన్నది అదే యూనివర్సిటీ పిల్లలు. తేడా అల్లా, ఇంకెవరో చూసుకుంటారులే అనుకునే వీలు ఒకళ్లకి ఉంది, ఇంకొకళ్లకి లేదు.

మీరు నలుగురున్నారు. నువ్వు మిగతావాళ్ల మొహాలు చూశావు, వాళ్లు నీ మొహం చూశారు. అందరూ ఫోన్లలో తల దూర్చి ఉన్నారు కాబట్టి ఇదంత పెద్ద విషయం కాదేమోనని ఎవరికి వాళ్లు సర్దిచెప్పుకున్నారు. లోపల నలుగురికీ గుండె దడదడలాడుతూనే ఉండి ఉంటుంది.

"వాళ్లిద్దరి మధ్య ఏదో ఉందిలే" అన్న మాటకీ ఒక ప్రయోగం ఉంది. 1976లో షాట్లాండ్, స్ట్రా అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు, ఒక మగమనిషి ఒకామె మీద దాడి చేస్తున్నట్టు నటింపజేశారు. "నువ్వెవరో నాకు తెలీదు" అని ఆమె అరిచినప్పుడు చూసినవాళ్లలో నూటికి 65 మంది అడ్డుపడ్డారు. "నిన్నెందుకు చేసుకున్నానో" అని అరిచినప్పుడు 19 మంది. దెబ్బలు అవే, మనిషీ అదే. మొగుడని తెలిసేసరికి జనం చేతులు కట్టుకున్నారు. మన దగ్గర పెళ్లి దాకా కూడా పోనక్కర్లేదు. ఇద్దరూ ఒకసారి ఒకే బల్ల దగ్గర టీ తాగితే చాలు, అది లవ్ మేటర్ అయిపోతుంది, ఇక ఎవరూ కలగజేసుకోరు. నిజంగానే ఏదో ఉందనుకో, ఉంటే మాత్రం? ప్రేమించిన అమ్మాయి వదలమన్నా వదలాల్సిందే.

మనుషుల మీద నమ్మకం పోగొట్టుకోకు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో లాంకాస్టర్, ఆమ్‌స్టర్‌డామ్, కేప్ టౌన్ నగరాల సీసీ కెమెరాలకి చిక్కిన 219 వీధి గొడవల్ని కూర్చుని చూశారు. పదింట తొమ్మిదింటిలో కనీసం ఒకరైనా కలగజేసుకున్నారు. అది వీధి. అవతలివాడు ముక్కూమొహం తెలీనివాడు, రేపు మళ్లీ కనపడడు. మీ మెట్ల దగ్గరున్నవాడు రేపు వైవాకి వచ్చి కూర్చునేవాడు. నన్నడిగితే నీ కాళ్లు పట్టేసింది సగం పక్కనున్న ముగ్గురి వల్ల, సగం మార్కుల వల్ల. రెండో సగం గురించి ఆ ప్రయోగాలు చేసినవాళ్లు మన డిపార్ట్‌మెంట్లకి వచ్చి చూడాల్సింది.

సరే, ఏం చెయ్యాల్సింది అని అడిగావు. అడ్డుపడటమంటే ఎదురెళ్లి రొమ్ము విరుచుకుని నిలబడటమని నీ మనసులో ఉన్నట్టుంది. సినిమాలు అలాగే నేర్పాయి. మద్దిలపాలెంలో ఎక్కిన సిటీ బస్సులో నేను చూసింది చెప్తాను. సాయంత్రం, నిలబడటానికి చోటు లేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డ కాలేజీ పిల్ల మీదికి ఒకడు పని గట్టుకుని వాలుతున్నాడు. ఆ పిల్ల ఎంత జరిగితే వాడంత జరుగుతున్నాడు. మాకు అర్థమవుతూనే ఉంది, ఎవరి నోటా మాట లేదు. చేపలమ్ముకుని పెదజాలారిపేట వెళ్తున్న ఒకామె ఖాళీ తట్ట తెచ్చి సరిగ్గా ఆ ఇద్దరి మధ్యా దించింది. "జరుగు బాబూ, తట్టెట్టుకోనీ." వాడితో ఆమె అన్నది ఆ ఒక్క ముక్కే. తర్వాత వాడివైపు వీపు పెట్టి నిలబడి, ఆ పిల్లతో కబుర్లు మొదలెట్టింది. ఏ కాలేజీ, ఏ ఊరు, హాస్టల్లో కూరలు బాగుంటాయా, చేప తింటావా. పిల్ల ముందు మాటకి మాట కూడా చెప్పలేకపోయింది, రెండు స్టాపులయ్యాక నవ్వింది. వాడు ఎప్పుడు దిగిపోయాడో నేను చూడలేదు.

ఆమె వాడితో గొడవ పెట్టుకోలేదు, వాడికి నీతులు చెప్పలేదు. ఆ పిల్ల ఒక్కతే అన్న పరిస్థితిని మార్చేసింది, అంతే. నువ్వు చెయ్యగలిగిందీ అదే. "ఏమ్మా, మేడమ్ నిన్ను రమ్మంటున్నారు, రికార్డులో సంతకం కావాలట" అని కేకెయ్యొచ్చు. అబద్ధమే, ఆడు. నేరుగా దగ్గరికెళ్లి "అన్నా, రేపు వైవా ఎన్నింటికన్నా?" అని అడిగి, అతను చెప్పాక కూడా అక్కణ్ణుంచి కదలకుండా ఉండొచ్చు. కదలకుండా ఉండటమే అక్కడ పని. చేతిలో స్టీలు బాటిల్ ఉంటే మెట్ల మీద జారవిడువు, బిల్డింగంతా మోగుతుంది. నోరు పెగిలితే, "అన్నా, ఆమె వదలమంటోంది కదన్నా" అను. గట్టిగా అక్కర్లేదు, తిట్టు అసలే అక్కర్లేదు, మామూలు గొంతుతో చాలు. పక్కవాళ్లని కదిలించాలంటే "ఎవరైనా పిలవండ్రా" అనకు. అప్పుడు ఎవరూ పిలవరు. "ఒరే శీనూ, నువ్వెళ్లి పైనున్న అటెండర్‌ని తీసుకురా" అని పేరు పెట్టి చెప్పు. పేరు పడ్డవాడికి ఇక తప్పించుకునే దారి ఉండదు.

2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ మన దేశంలో బెల్ బజావో అని ఒక ప్రచారం నడిపింది. పక్కింట్లో మొగుడు పెళ్లాన్ని కొడుతున్న చప్పుడు వినిపిస్తే, వెళ్లి తలుపు గంట కొట్టు, పాలు కావాలనో ఫోన్ చేసుకోవాలనో ఏదో ఒకటి అడుగు, అని. నీకు పాలు అక్కర్లేదని లోపలున్నవాడికి తెలుసు. తెలియాలి కూడా. ఎవరో వింటున్నారని తెలియడమే ఆ గంట పని.

ఒక్క సంగతి మర్చిపోకు. అవతలివాళ్లు తాగి ఉన్నా, గుంపుగా ఉన్నా, చేతిలో ఏమైనా ఉన్నా, రాత్రిపూట బీచ్ రోడ్డు చివర లాంటి చోటైనా దగ్గరికి పోవద్దు. కనపడేంత దూరంలో ఆగి 112కి ఫోన్ చెయ్యి, ఫోన్‌లో పోలీసుల శక్తి యాప్ ఉంటే అది నొక్కు, అరిచి జనాన్ని పోగెయ్యి. ఇంకొకరి ప్రాణం కాపాడటానికి అవసరమైనంత బలం వాడే హక్కు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35వ సెక్షన్ ఇస్తుంది, నిజమే. అవసరమైనంత అన్నదానికి కొలత తర్వాత కోర్టులో వేస్తారు.

ఇప్పుడేమైనా చెయ్యగలనా అన్నావు. ఆ సాయంత్రం కంటే ఇప్పుడే నీ అవసరం ఎక్కువ. దీని గురించే నీకు కాస్త వివరంగా రాయాలనిపించింది.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించడానికి కాలేజీల్లో ఉండే అంతర్గత ఫిర్యాదుల కమిటీలు కొన్నింటిలో నేను బయటి సభ్యురాలిగా కూర్చున్నాను. ఒక విచారణ చెప్తాను, ఏ కాలేజీ అన్నది వదిలెయ్. పొడవాటి బల్ల, పేపర్ కప్పుల్లో చల్లారిపోయిన టీ. అమ్మాయి తనకి జరిగింది చెప్పింది. అతను అసలు ఆ సాయంత్రం ఆ చోట లేనే లేనన్నాడు. అక్కడున్నారని ఆమె చెప్పిన ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా పిలిచాం. మొదటి కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని, "నేనప్పుడు ఫోన్‌లో ఉన్నాను మేడమ్, గమనించలేదు" అన్నాడు. రెండోవాడూ అవే మాటలు, అదే వరసలో. బయట బెంచీ మీద కూర్చుని కూడబలుక్కున్నారని తెలుస్తూనే ఉంది. మూడో ఆమె వచ్చింది, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మడత విప్పింది. ఆ రాత్రే రాసి పెట్టుకుందట. ఆరు దాటి పది నిమిషాలు, జిరాక్స్ షాపు ముందు, ట్యూబ్‌లైటు వెలుగుతోంది, అతను నీలం చొక్కాలో ఉన్నాడు, "నేను రెండోసారి తిరిగి చూసేసరికి ఆమె బ్యాగు కింద పడి ఉంది". బ్యాగు సంగతి ఫిర్యాదులో లేదు. భయంలో ఆ అమ్మాయే మర్చిపోయింది. అతన్ని మళ్లీ పిలిచి బ్యాగు గురించి అడిగితే, "కింద పడిందని తీసివ్వడానికి వంగాను, అంతే మేడమ్" అన్నాడు. అరగంట క్రితం ఆ చోట లేనన్న మనిషి!

కమిటీల్లో ఫిర్యాదులు వీగిపోవడం నేను చూసినంతలో చాలాసార్లు అబద్ధాల వల్ల కాదు. చూసినవాళ్లు ఫోన్‌లో ఉండటం వల్ల.

కాబట్టి ఈ రాత్రే కూర్చుని రాయి. ఎన్ని గంటలు, ఏ మెట్లు, లైటు ఉందా, నువ్వెక్కడ, మిగతా ముగ్గురెక్కడ, ఏ చేత్తో పట్టుకున్నాడు, ఆమె అన్న మాటలు ఉన్నవున్నట్టుగా. "దురుద్దేశంతో", "అసభ్యంగా" లాంటి పెద్ద పదాలు వద్దు, అవి కమిటీ చూసుకుంటుంది. గుర్తులేనిది గుర్తులేదనే రాయి. కింద ఈ రోజు తేదీ వెయ్యి. ఐదు వారాల కిందటి తేదీ వేశావో, కాగితం మొత్తం అబద్ధమైపోతుంది. అతని తరఫువాళ్లు ముందు పట్టుకునేది అదే.

తర్వాత వీడియో. అది తీసినవాడిది కాదు, ఆమెది. ఇవాళే వెళ్లి వాడితో మాట్లాడు. గ్రూపుల్లోంచి, మిగతా ఫోన్లలోంచి తీయించు, ఇక ఎవరికీ పంపొద్దని చెప్పు. కానీ వాడి ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు మాత్రం చెరపొద్దు. వాట్సాప్‌లో తిరిగిన కాపీ నాణ్యత పోయి, ఎప్పుడు తీసిందన్న వివరాలు కూడా పోగొట్టుకుని ఉంటుంది. కేసు కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అప్పుడు అసలు ఫోన్‌కి విలువ. ఆ ఫైలు అడిగే హక్కు ముందు ఆ అమ్మాయికి, తర్వాత కమిటీకి లేదా పోలీసులకి. ఇన్‌స్టాలో పెట్టి న్యాయం చేద్దాం అనే మహానుభావుడు హాస్టల్‌కొకడు ఉంటాడు. వాణ్ణి కనిపెట్టి ఉండు.

ఇక ఆమెకి పెట్టిన సారీ. జవాబు రాలేదని బాధపడుతున్నావు. ఆలోచించు, ఆ మెసేజ్‌కి ఆమె ఏమని రాయాలి? "పర్లేదన్నా" అనా? జరిగిందాన్ని మోస్తూ, పైన నిన్ను కూడా ఓదార్చాలా? మళ్లీ ఒకే ఒక్కసారి రాయి, ఇలా: "ఆ రోజు మెట్ల దగ్గర జరిగింది నేను చూశాను. నువ్వు వదలమన్నావు, అది విన్నాను. ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే నేను సాక్ష్యం చెప్తాను. ఇవ్వకపోయినా సరే, నీ ఇష్టం. వీడియో ఇంకెవరికీ వెళ్లకుండా చూస్తున్నాను. దీనికి జవాబు ఇవ్వక్కర్లేదు." అంతే. గుడ్ నైట్లు, పువ్వుల బొమ్మలు వద్దు. రెండోరోజు "చూశావా?" అని అడగొద్దు. ల్యాబ్ దగ్గర కాపు కాయొద్దు. ఒకడి నుంచి కాపాడటానికి ఇంకొకడు వెంటపడితే ఆ పిల్లకి మిగిలే తేడా ఏమిటి? చెల్లెలులాంటిదని కూడా చెప్పకు. ఎవరికీ చెల్లెలు కాకపోయినా వదలమంటే వదలాల్సిందే కదా.

ఆమె అడిగితే చెప్పడానికి నీ దగ్గర సమాచారం ఉండాలి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు (మన ఊరి కేసు కాదు, రాజస్థాన్‌ది) ఆధారంగా పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. యూనివర్సిటీలకి యూజీసీ 2015 నిబంధనలు విడిగా ఉన్నాయి, విద్యార్థులకి నేరుగా పనికొచ్చేవి అవే. జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకూ గడువు పెంచొచ్చు. మీకు ఐదు వారాలే అయింది. విద్యార్థుల సంగతైతే కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూడా ఉండాలి. ఫిర్యాదు కాపీ ఏడు రోజుల్లో అతనికి వెళ్తుంది, పది రోజుల్లో అతను జవాబివ్వాలి, మొత్తం విచారణ 90 రోజుల్లో ముగియాలి. నిరూపణ కాలేదంటే అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. ఈ మాట ఆమెకి తప్పకుండా చేరాలి, చాలామంది ఆడపిల్లలు ఆ భయంతోనే ఆగిపోతున్నారు.

నువ్వే ఫిర్యాదు పెట్టొచ్చా అంటే, మామూలుగా కుదరదు. శారీరకంగానో మానసికంగానో ఆమె ఫిర్యాదు ఇవ్వలేని స్థితిలో ఉంటేనే స్నేహితులు, తోటి విద్యార్థులు ఆమె తరఫున ఇవ్వొచ్చని నిబంధన. ఆమె బాగానే ఉండి, ఇంకా తేల్చుకోలేదంటే అది ఆమె ఇష్టం. నీ మనశ్శాంతి కోసం ఆమెని తొందరపెట్టకు.

మార్కుల భయానికి కూడా ఆ నిబంధనల్లోనే మందుంది. విచారణ నడుస్తున్నంత కాలం ఆరోపణ ఉన్న మనిషి ఆమె పని మీద, పరీక్షల మీద మార్కులు వెయ్యకుండా, నివేదికలు ఇవ్వకుండా ఆపమని కమిటీ సిఫారసు చెయ్యొచ్చు. ఆమెకి దూరంగా ఉండమని అతన్ని హెచ్చరించొచ్చు. ఫిర్యాదు చేసినవాళ్ల మీదే కాదు, సాక్షుల మీదా కక్ష సాధింపు లేకుండా చూడటం కమిటీ బాధ్యతే. కాగితం మీద ఉన్నదంతా దానంతటదే జరిగిపోతుందని నేను అనను. మీ సార్ మొహం మాడ్చుకోవచ్చు, వైవాలో ప్రశ్నలు గట్టిగా రావచ్చు. అందుకే సాక్ష్యం చెప్పే రోజునే, నా మార్కులు కూడా ఆయన చేతిలో ఉన్నాయని కమిటీకి రాసివ్వు, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. ఆ కాగితం ఫైల్లో ఉందని తెలిస్తే ఎంత కుడిభుజమైనా కాస్త ఆలోచిస్తుంది.

పోలీసుల దారి వేరే ఉంది, కమిటీకి వెళ్లినా అది మూసుకుపోదు. నువ్వు రాసినదాన్ని బట్టి భారతీయ న్యాయ సంహితలో 74 (ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించేలా బలప్రయోగం), 75 (లైంగిక వేధింపు) సెక్షన్ల సంగతులివి. 74 కింద ఏడాది నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. ఆమె షెడ్యూల్డ్ తెగకి చెందినదై, అతను ఎస్సీ, ఎస్టీ కాకపోతే 1989 ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (అంటే దౌర్జన్యాల) నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. ఇదంతా విడమరిచి చెప్పడానికి లాయరు కావాలంటే డబ్బు అక్కర్లేదు. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మహిళా హెల్ప్‌లైన్ 181. ఈ రెండు నంబర్లూ నీ మెసేజ్ చివర చేర్చినా తప్పు లేదు.

నీ స్నేహితుల్ని వదిలెయ్యకు. కానీ హాస్టల్ గదిలో అందరి ముందూ చర్చ పెట్టావంటే ఎవడో ఒకడు జోకు వేస్తాడు, మిగతావాళ్లు నవ్వుతారు, అక్కడితో సరి. ఒక్కొక్కణ్ణి విడిగా తీసుకెళ్లు, టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టు, "నాకు ఆ రోజు నుంచీ నిద్ర పట్టడం లేదురా" అని నీ సంగతి చెప్పు. ముగ్గురిలో ఒకడైనా "నాక్కూడారా" అంటాడని నా నమ్మకం. సాక్షులు ఇద్దరయ్యారంటే కేసు బలం వేరు. ఇద్దరి రాతలూ ఒక్కలా ఉండాలని మాత్రం చూసుకోకండి. ఎవరికి కనిపించింది వాళ్లు విడివిడిగా రాయండి.

మీ యూనివర్సిటీ అనే కాదు, అందరికీ ఒక మాట. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గర్నుంచి సబ్బవరం లా యూనివర్సిటీ, గంభీరం ఐఐఎం దాకా ఈ ఊళ్లో చదువుకునే చోట్లకి కొదవ లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు పిల్లలంతా ఇక్కడికే వస్తారు. మార్చి 8న కేకులు కోస్తారు, ముగ్గుల పోటీలు పెడతారు, గులాబీలు పంచుతారు. కమిటీలో ఎవరున్నారో, వాళ్ల ఫోన్ నంబరేమిటో అందరికీ కనపడేలా నోటీసు బోర్డులో పెట్టండయ్యా అంటే అది మాత్రం బీరువాలో ఉంటుంది. శిక్షణ ఇచ్చినా ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, చీకటి పడ్డాక తిరగొద్దు, జాగ్రత్తగా ఉండండి అని చెప్పి పంపేస్తారు. శిక్షణ ఇవ్వాల్సింది ఆ మెట్ల దగ్గర నిలబడ్డ మీ నలుగురికి. ల్యాబ్ అటెండర్‌కి, వాచ్‌మన్‌కి, క్యాంటీన్ కుర్రాడికి. మొదటి సెమిస్టర్లో ఒక పూట చాలు, "ఏమ్మా, మేడమ్ పిలుస్తున్నారు" అనడం పదిమంది ముందు నాలుగుసార్లు గట్టిగా అనిపించండి. ఒకసారి నోటికి వచ్చిన మాట అవసరానికి వస్తుంది. మీ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో కమిటీ పేర్లు ఉన్నాయో లేదో రేపు చూడు. లేకపోతే పెట్టమని అడగడానికి ఎవరి పేరూ చెప్పాల్సిన పని లేదు, కాబట్టి అది నువ్వు రేపే చెయ్యొచ్చు.

చివరికి మీ నాన్నగారి సంగతి. చెప్పు. ఫోన్‌లో వద్దు, ఆదివారం ఊరెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పు. ఎందుకంటే విషయం బయటికొచ్చిన మర్నాడే డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేస్తారు. "మీ అబ్బాయి అమ్మాయిల గొడవల్లో ఇరుక్కున్నాడు, కాస్త చెప్పండి" అని. ఆ ఫోన్ నీకంటే ముందు చేరకూడదు. ఆయన గొడవల్లో తలదూర్చకు అన్నది నీ మీద బెంగతో. నువ్వు ఎవరినీ కొట్టడం లేదని, చూసింది చెప్పి వస్తున్నావని తెలిస్తే ఆ బెంగ సగం తగ్గుతుంది. రాత్రిపూట ఒంటరిగా ఆటో ఎక్కిన ఆడపిల్ల ఇంటి గుమ్మం లోపలికి వెళ్లేదాకా బండి ఆపి చూసే డ్రైవర్లని నేను చాలామందిని చూశాను. ఆయనా ఆ పని ఎన్నిసార్లు చేసి ఉంటారో అడుగు. అంతా విన్నాక కూడా వద్దన్నారనుకో, ఆయన మీద విసుక్కోకుండా విను. నువ్వు మేజర్‌వి. కమిటీ ముందు చెప్పడానికి తండ్రి సంతకం ఎవరూ అడగరు.